సముద్రానికి వీపు తిప్పి

అనంతపురం,
6 ఏప్రిల్ 2025

చిన్నమ్మకు,

నువ్వు పంపిన నిమ్మకాయ ఊరగాయ తిప్పేష్ భద్రంగా తెచ్చి ఇచ్చాడు. మీ జీన్స్ కుట్టే యూనిట్‌కు జిప్పులూ దారమూ కొనడానికి ఆయన వారం వారం ఈ ఊరికి రానే వస్తాడు, ఇక మనకు పోస్ట్‌మాన్ ఆయనే. ఫోన్లో చెబితే నీకు వినపడదు, మెసేజీ రాయమంటే 'అద్దం మీద వేలు జారతాది' అంటావు. సరే, కాగితమే. నాకూ ఇదే నయం. ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూనే మనసు మార్చుకుంటాను. కాగితం మీదైతే కనీసం కొట్టివేత కనిపిస్తుంది.

ఉగాదికి వచ్చినప్పుడు, 'సచ్చేలోపల చుట్టూ నీళ్ళుండే ఊరొకటి చూడాల, ఉమా' అన్నావు. ఎటు చూసినా నేల తప్ప ఏమీ లేనిచోట పుట్టినవాళ్ళకు ఆ కోరిక రావడంలో వింత లేదనుకున్నాను. అందుకే చెన్నై బీచికి పోదామన్న ఆలోచన వదిలేసి అండమాన్ చూస్తున్నాను. కాలేజీలో ఖాళీ పీరియడ్ దొరికితే ఇదే పని. అర్థశాస్త్రం చెప్పే మేడం బీచీల బొమ్మలు చూస్తూ కూర్చుందని పిల్లలు నవ్వుకుంటున్నారేమో.

హావ్‌లాక్ దీవిలో రాధానగర్ అని ఒకటుంది. అందరూ మొదట చెప్పేది దాన్నే. కానీ అక్కడ అలలు ఉంటాయట, అందుకని వద్దనుకున్నాను. నీల్ దీవిలో భరత్‌పూర్ బీచి నాకు నచ్చింది. మోకాలి లోతు నీళ్ళు, అద్దంలా, ఎంత దూరం నడిచినా అంతే లోతు. అలల హోరు ఉండదు. చెవి దగ్గర పెద్ద చప్పుళ్ళు వద్దని బళ్ళారి డాక్టరు నీకు చెప్పాడు కదా, అది మనసులో పెట్టుకునే వెతికాను. జనవరిలో పోతే సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంటుందట. సీతాపూర్ అని ఇంకొకటి ఉంది, సూర్యోదయానికి మంచిదట, కానీ అదీ కాస్త హోరెత్తుతుందని ఒకరు రాశారు, కాదని ఇంకొకరు రాశారు. ఎవర్ని నమ్మాలో తెలియక దాన్నీ తీసేశాను.

జనవరి నీకు కుదురుతుందా? ఊరగాయలో ఉప్పు ఎప్పటిలాగే ఎక్కువ. ఎప్పటిలాగే బాగుంది.

నీ
ఉమ

—

రాయదుర్గం,
14 ఏప్రిల్

రెండు చెవులూ పనిచేసే ఉమకు, ఒకటిన్నర చెవి పోగొట్టుకున్న చిన్నమ్మ రాసేది.

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేకపోతి. కటింగ్ బల్ల కాడ తిప్పేష్ కత్తెర ఆపి, 'ఏమక్కా, లాటరీ తగిలిందా' అనె. అలలు లేని సముద్రం, సప్పుడు లేని సముద్రం! దానికి ఇమానమెక్కి పోయేదెందుకు పాపా? బెళుగుప్ప బస్సెక్కి జీడిపల్లి రిజర్వాయరు కాడ దిగితే గమ్మునుండే నీళ్ళు కావాల్సినన్ని ఉండాయి. కొంగలు గూడా ఉండాయి.

తప్పు నాదేలే. ఉగాదినాడు మీ ఆయన ముందర చెప్పలేక 'చూడాల' అంటి. చూసేదానికి గాదు. ఇనాల.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది రవ్వంత ఉండాది. బళ్ళారి డాక్టరు పోయిన నెల మళ్ళా చూసి, ఏడాది తిరిగేలోపల ఇది గూడా మూసుకపోతాది అన్నాడు. చెవిమిషను పెట్టి చూసినాడు. కుయ్యిమంటాది గాని మాట రాదు. నేనేం ఏడవలేదు. జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ల నడుమ ఇన్నేండ్లు కూచున్నదాన్ని, పోదా మరి? మీ అమ్మ ఉన్నప్పుడు గూడా తిడతానే ఉండె, చెవుల్లో దూది పెట్టుకోవే అని.

ఒగటే బాధ. నేను జల్మంతా ఇనింది మిషన్ల సప్పుడు. నా చెవిలోకి కడాకు పోయేది గూడా ఆ సప్పుడే అంటే నాకు మనసొప్పలే. ఇంత దినం ఇననిది, పెద్దది ఒగటి ఇని మూసుకుంటే మూసుకోనీ. సముద్రం శానా పెద్దగా అరుస్తాదంట గదా.

కాబట్టి యాడ పెద్ద అలలు కొడతాయో ఆ బీచి పేరు చూడు. జనవరి శానా దూరం.

ఉప్పు ఎక్కువైతే అన్నం ఎక్కువ కలుపుకో.

చిన్నమ్మ

—

అనంతపురం,
27 ఏప్రిల్

చిన్నమ్మా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. జవాబు రాయడానికే చేయి రాలేదు. నేను నీ చెవిని కాపాడాలని చూస్తుంటే నువ్వు దాన్ని ఖర్చుపెట్టాలని చూస్తున్నావు. ఏది సరైనదో నాకు తెలియదు. డాక్టరు మాట వినమని చెప్పడం తేలిక. కానీ ఎలాగూ పోయేదాన్ని ఎందుకోసం దాచుకోవాలి అని నువ్వడుగుతావు.

ఇక నువ్వడిగిన సంగతి. పెద్ద అలలు కావాలంటే పడమటి తీరానికి పోవాలి, వానాకాలంలో పోవాలి. నైరుతి గాలి నేరుగా వచ్చి కొడుతుంది కాబట్టి నేను మొదట వద్దన్న రాధానగరే జూన్ నుంచి సెప్టెంబరు దాకా హోరెత్తిపోతుందట. జనవరిలో పిల్లిలా పడుకునేది కూడా అదేనట.

అయితే ఆ నెలల్లో రావద్దని ప్రతి ఒక్కరూ రాస్తున్నారు. వాన తెరిపివ్వదట. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి అక్కడి నుంచి హావ్‌లాక్‌కు పడవలో పోవాలి, గాలి ఎక్కువైతే ఆ పడవలే ఆపేస్తారట. అంత దూరం పోయి రేవులో కూర్చుని రావలసి వస్తే? పోనీ జనవరి దాకా ఆగితే, ఈలోపల నీ చెవి... అది రాయలేను. మధ్యలో నవంబరు చూద్దామా? అలలు కొంచెం ఉంటాయి, పడవలూ కొంచెం తిరుగుతాయి. కొంచెం కొంచెం అన్నది నా స్వభావమని నువ్వంటావు, తెలుసు.

ఇంకొక చిన్న సంగతి. ఎయిర్‌పోర్టులో, హోటల్లో నీకు ఏది చెప్పాలన్నా కుడి చెవి దగ్గర గట్టిగా అరవాలి కదా. అందరూ తిరిగి చూస్తారు. దానికి ముందే ఏదైనా సైగల పద్ధతి పెట్టుకుందామా అని ఆలోచిస్తున్నాను.

తొందరపడకుండా చెప్పు.

ఉమ

—

రాయదుర్గం,
6 మే

ఉమకు,

వానలో రావద్దని చెప్పినోళ్ళు ఎవరబ్బా? వాళ్ళను ఒగసారి మన రాయదుర్గం తీసుకరా. వాన పడతాది కాబట్టి రావద్దండి అని చెప్పే ఊరొకటి ఉండాదని నాకు ఈ వయసులో తెలిసింది. మనకు నాలుగు చినుకులు పడితే లోపలుండేవాళ్ళు బయటికొచ్చి నిలబడతారు. ఆడేమో బయటుండేవాళ్ళను లోపలికి పొమ్మంటారా? అదే పోయి చూడాల్సిన ఇచిత్రం. వాన ఉండాదంటే ఇంగ పోకుండా ఉండేదానికి కారణమేముండాది?

నాకు గూడా జులైనే నయం. ఈడ పదును వాన పడిందంటే మా కుట్టేవాళ్ళందరూ చెనిక్కాయ విత్తనం ఏసేదానికి చేన్లకు పోతారు. మిషన్లు ముసుగేసుకోని కూచుంటాయి. నన్ను ఎవరూ అడగరు.

ఇంగ నీ ఉత్తరంలో కడాకు రాసిన మాట. 'అందరూ తిరిగి చూస్తారు.' అది చదివి ఉత్తరం మడిచి పెట్టేస్తి. చెవిటిదాన్ని వెంటబెట్టుకోని పోయేదానికి కాలేజీ మేడమ్‌కు సిగ్గయితాదని నాకు తోచకపోయె. ఈ వానలూ పడవలూ అన్నీ దానికే చెప్పినావేమో. సిగ్గయితే సిగ్గని రాయి, నేనేమీ అనుకోను. తిప్పేష్ పెండ్లాం తోడొస్తానంటాంది. అది నాకంటే గట్టిగా అరుస్తాది.

రామక్క

—

అనంతపురం,
11 మే

చిన్నమ్మా,

ఎప్పుడూ 'చిన్నమ్మ' అని చేసే సంతకం ఈసారి 'రామక్క' అని ఉంది. మిగతా ఉత్తరమంతా మరిచిపోయాను, అదొక్కటే కళ్ళ ముందుంది.

నాకు సిగ్గేమిటి? అరవై మంది పిల్లల ముందు రోజూ గొంతు చించుకునేదాన్ని. జనం తిరిగి చూస్తే నీకు చిన్నతనంగా ఉంటుందేమో అని నేను అనుకున్నాను. నాకుంటుందేమో అని నువ్వనుకున్నావు. చూడు, ఇద్దరమూ రెండోవాళ్ళ గురించే దిగులుపడి ఇద్దరమూ నొచ్చుకున్నాం. ఇది ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే వచ్చేది కాదేమో. ఏమో, వచ్చేదేనేమో కూడా.

టికెట్లు తీసేశాను. జులై రెండో వారం, బెంగళూరు నుంచి. ఎవర్నీ అడగలేదు. తీసిన తర్వాత ఇంట్లో లక్ష్మీపతికి చెబితే, 'వానాకాలంలో అండమాన్ పోయేవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నా' అన్నారు. అని ఊరుకోకుండా అటక మీది పెద్ద గొడుగు దించి, ఊచలు బాగున్నాయో లేదో తెరిచి చూశారు.

ఇక బీచీల పట్టిక అంతా కొట్టేశాను. భరత్‌పూర్ లేదు, సీతాపూర్ లేదు. రాధానగర్ ఒక్కటే. పొద్దున అక్కడే, సాయంత్రం అక్కడే.

సైగల పద్ధతి వద్దు. అరుస్తాను. చూసేవాళ్ళు చూడనీ.

తిప్పేష్ భార్యను నేను అడిగానని చెప్పు, కానీ రావద్దని కూడా చెప్పు.

నీ
ఉమ

—

అనంతపురం,
20 జులై

చిన్నమ్మా,

బెంగళూరు నుంచి నువ్వు రాయదుర్గం బస్సెక్కేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపావు కానీ ముఖం చూపలేదు. అప్పటి నుంచి ఇది రాయాలని ఉంది.

నేను ఏమేమి భయపడ్డానో అవన్నీ వరుసగా జరిగాయి. పొద్దున లేచి రేవుకు పోవడం, పడవ లేదనిపించుకోవడం, తడిసి హోటలుకు రావడం. రాధానగర్ ముఖం కూడా చూడలేదు. నా భయాలు నిజమైనందుకు సంతోషించాలో, వాటిని లెక్కచెయ్యనందుకు బాధపడాలో తెలియడం లేదు. వానకు మాత్రం నువ్వు ప్రతిసారీ గొడుగు మూసేసి నిలబడ్డావు. హోటలువాళ్ళు మనల్ని ఏమనుకున్నారో!

చివరి రోజు ఆ శ్రీకాకుళం డ్రైవరు లేకపోతే ఒక్క పెద్ద అల కూడా చూడకుండానే వచ్చేవాళ్ళం. 'పెద్ద కెరటమే కదమ్మా కావాల, హావ్‌లాకెందుకు?' అని మనల్ని కొబ్బరితోటల్లోంచి పడమటి ఒడ్డుకు తీసుకుపోయాడు. నేను చూసిన పట్టికల్లో ఎక్కడా లేని చోటు. దాని పేరు అడగడం కూడా మరిచిపోయాను. అక్కడ అలలు పడుతుంటే నా మాట నాకే వినపడలేదు.

అంత చేసి అక్కడికి చేరితే నువ్వేం చేశావు? సముద్రానికి వీపు తిప్పి, కొబ్బరిచెట్ల వైపు ముఖం పెట్టి కూర్చున్నావు. కళ్ళు కూడా మూసుకున్నావు. నేను దగ్గరికి రాబోతే చెయ్యెత్తావు. కాసేపాగి వస్తే మళ్ళీ ఎత్తావు. దగ్గరికి రావద్దంటున్నావని అర్థమై దూరంగా పోయి నిలబడ్డాను. ఏం చేయాలో తోచక ఫోన్లో వీడియో తీస్తూ ఉన్నాను, చీకటి పడేదాకా.

వినపడలేదు కాబట్టే వీపు తిప్పావని అనుకున్నాను. నా వల్లే ఆలస్యమైందనీ, ఏప్రిల్లోనే నేను భరత్‌పూర్లూ సీతాపూర్లూ పట్టుకుని కూర్చోకపోతే ఇంకొంచెం చెవి మిగిలి ఉండేదనీ అనుకున్నాను. విమానంలో అడగాల్సింది ఒక్క మాట. దాన్ని నీ చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అరిచి అడిగే మాట కాదది, చిన్నమ్మా. అందుకని ఇక్కడ అడుగుతున్నాను.

వినిపించిందా?

ఉమ

—

రాయదుర్గం,
29 జులై

ఉమా,

నీకు చదువు చెప్పినోళ్ళను అనాల. రావద్దని చెయ్యెత్తేదానికి నువ్వేమన్నా కోడివా, కుక్కవా? నా కండ్లు మూసుకోనుండాయి గదా, నువ్వొచ్చేది నాకెట్ల తెలుస్తాది?

చెప్తా ఇను. చెవి పోతాండేవాళ్ళకు ఒగ దొంగబుద్ధి వస్తాది. తిప్పేష్ మాట్లాడుతాంటే వాని పెదాలు చూసి, మాట ఇన్నట్లే అనుకుంటా. వాడు పక్కకు తిరిగితే మాట నిలిచిపోతాది. అప్పుడు తెలుస్తాది, నేను ఇనింది చెవితో గాదు, కంటితో అని. సముద్రం కాడ గూడా ఆ మోసమే జరిగె. ఇసుకలో దిగి దానికెదురుగా నిలబడితే, అబ్బా, ఎంత సప్పుడు! అల లేస్తాంటే పెద్దగయితాది, పడిపోతే తగ్గిపోతాది. ఒగసారి ఊరికే కండ్లు మూసుకుంటి. సగం సప్పుడు పోయె.

అందుకే వీపు తిప్పి కూచుంటి. కండ్లతో పని లేకుండా నా చెవి ఒగటే ఏమి ఇంటాదో చూద్దామని. ఇనపడినప్పుడల్లా చెయ్యెత్తితి. నువ్వు సముద్రం దిక్కు మొగం పెట్టుకోని నిలబడింటివి గదా, అల పడినప్పుడే నా చెయ్యి లేస్తాందా లేదా చూసుకుంటావు అనుకుంటి. ముందుగా చెప్పుంటే బాగుండు. చెప్పకుండా అయితేనే నువ్వు మొగమాటం లేకుండా చూస్తావని చెప్పలే.

బస్సులో మొగం చూపలేదంటావు. ఏడుస్తాంటి. సంతోషమో ఏమో నాకే తెలీదు.

ఇంటికొచ్చినాంక ఇంగొగ పురుగు తొలస్తాండాది. కుట్టే బల్ల మీద అరచెయ్యి పెడితే ఏ మిషను సరిగ్గా నడుస్తాందో, ఏది తప్పుతాందో నాకు అదురును బట్టి తెలుస్తాది. ఆ ఇసుక గూడా అల పడితే అదురుతాండె. నా చెయ్యి లేసింది ఇనినందుకా, కూచున్న తావున అదిరినందుకా? నీ అనుమానాల జబ్బు నాకు అంటిచ్చినావు, పాపా. ఇన్నేండ్లు నిన్ను ఎగతాళి చేసినందుకు నాకు బాగా అయింది.

కుడి చెవి ఇంగా మందమైంది. మళ్ళా సముద్రం కాడికి పోయి ఇని చూసుకునే పని లేదు. ఆ దినం ఇంటినా లేదా అనేది నువ్వే చెప్పాల. నా మనసు నొవ్వకూడదని రాయొద్దు. చూసింది రాయి.

చిన్నమ్మ

—

అనంతపురం,
4 ఆగస్టు

చిన్నమ్మా,

నిజమే రాస్తాను. ఆ సాయంత్రం నేను నీ వీపే చూశాను, అలలను చూడలేదు. కాబట్టి నా జ్ఞాపకాన్ని సాక్ష్యం పెట్టలేను. కానీ వీడియో ఉంది. నీ వీపూ, నీ చెయ్యీ, ఒక పక్కగా సముద్రమూ అందులో పడ్డాయి.

మొదట శబ్దం తీసేసి చూశాను, నీలాగే నాకూ నా చెవి మీద నమ్మకం లేక. పెద్ద అల పడినప్పుడు నీ చెయ్యి లేచింది. చిన్న అలలకు లేవలేదు. రెండు పెద్దవి తప్పిపోయాయి, అవి కూడా రాస్తున్నాను. సంతోషమేసింది కానీ, నీ ఇసుక అదురు అనుమానం అట్లాగే ఉండిపోయింది. పెద్ద అలకు ఇసుకా అదురుతుంది కదా.

అప్పుడు ఇంకొకటి కనిపించింది. వీడియో చివర, వెలుతురు తగ్గాక, ఒకచోట నువ్వు చెయ్యి బాగా పైకెత్తావు. అన్నిటికంటే ఎత్తుగా. వేళ్ళు కూడా విప్పావు. ఆ సమయానికి సముద్రంలో ఏమీ లేదు. నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఎంత వెతికినా అల లేదు.

ఊరికే ఊహించుకుని ఎత్తిందన్న మాట, మిగతావన్నీ కూడా అంతేనేమో అనుకున్నాను. నీకేం రాయాలో తెలియక ఫోను బ్యాగులో పడేసి కాలేజీకి పోయాను. ఆ పూట పాఠం ఏం చెప్పానో నాకే తెలియదు.

తర్వాత స్టాఫ్ రూంలో ఒక పిల్ల దగ్గర ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని, కళ్ళు మూసుకుని అదే చోటు విన్నాను. అలలు కొంచెం సద్దుమణిగిన ఆ సందులో, సముద్రం మీద ఎక్కడో చాలా దూరాన ఉరిమింది. బండి ఒకటి వంతెన దాటినట్టు నెమ్మదిగా మొదలై, అటు నుంచి ఇటుకు దొర్లింది. సాయంత్రం లక్ష్మీపతికి ఏమీ చెప్పకుండా వినిపించాను. 'ఉరుము' అన్నారు. అది మొదలైన క్షణానే నీ చెయ్యి లేచింది. అది దొర్లి దొర్లి ఆగిపోయేదాకా దించలేదు.

నీ ముఖం కొబ్బరితోట వైపు ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నావు. మెరుపు చూసి ఉండవు. అంత దూరపు ఉరుము ఇసుకను అదిరించదు. అది నీకు చేరడానికి ఉన్న దారి ఒక్కటే.

నువ్వు విన్నావు, చిన్నమ్మా. ఉరుమును విన్న చెవి, పక్కనే పడ్డ అలలను కూడా వింది.

పై వాక్యాల్లో కొట్టివేతలు ఉన్నాయేమో చూడు.

నీ
ఉమ

—

రాయదుర్గం,
17 ఆగస్టు

ఉమకు,

కొట్టివేతలు లేవు. తిప్పేష్‌ను గూడా చూడమని చెప్పితి. వాడు కాగితాన్ని ఎలుతురుకు పట్టి చూసి, 'లేవక్కా' అనె.

ఉరుమంట! బెంగళూరు పోయి, ఇమానమెక్కి, రేవులో తడిసి, సముద్రం ఇనేదానికని అంత దూరం పోయి, నేను ఉరుము ఇని వస్తినా? నాకప్పుడు అది శానా పెద్ద అల అనే తోచె. అన్నిటికంటే పెద్దది, తీరికగా వచ్చింది అనుకుంటి. అందుకే చెయ్యి దించబుద్ధి కాలే. అది ఇనంగానే ఇంగ చాలనిపించె, లేసి వస్తి.

ఈడ వాన ఆలస్యంగా వచ్చింది. పోయిన వారం పదును వాన పడె. కుట్టేవాళ్ళంతా చేన్లకు పోయినారు, మిషన్లకు ముసుగులేసినాం. నేనూ తిప్పేషూ వాకిట్లో కూచోనుంటే వాడు మబ్బు దిక్కు చూపించి నోరు పెద్దగా తెరిచి, 'ఉరుముతాంది' అనె. నేను గోడ దిక్కు తిరిగి, కండ్లు మూసుకోని కూచుంటి. శానాసేపు కూచుంటి. చెయ్యి లేవలే.

బాధ పడొద్దు, నేను పడలే. అనుకున్నదే. కడాకు పోయింది మిషను సప్పుడు గాదు, అంతే నాకు కావాల్సింది. తిప్పేష్‌కు భయమేసి టీ పెట్టుకొచ్చె. వాన నిలిచేదాకా ఇద్దరమూ తాగినాం.

ఇప్పుడు ఇంగొగ మాట. నువ్వు మొదట రాసినావే, మోకాలి లోతు నీళ్ళు, అద్దం మాదిరి, గమ్మునుండే బీచి. భరత్‌పూరు అనుకుంటా, ఆ ఉత్తరం నాకాడే ఉండాది, తీసి చూస్తా. జనవరిలో దానికి పోదాం. చెవి పోయిందని సముద్రం పోలేదు గదా. చూసేదానికి నాకు కండ్లు బాగుండాయి, పైగా ఇప్పుడు వాటికి దొంగతనం చేసే పని గూడా లేదు. ఆ సీతాపూరు గూడా రాసుకో, నువ్వు తీసేసినా నాకు ఆ పేరు బాగుండాది. మిగిలినవి నీ ఇష్టం, మార్చుకుంటే ఎన్నిసార్లన్నా మార్చుకో. జనవరి దాకా మనకు పొద్దుపోవాల గదా.

ఈ తూరి నేను సముద్రం దిక్కు కూచుంటా. నువ్వు దానికి వీపు తిప్పి, నాకెదురుగా, నాకు అగుపడేతట్ల కూచో. సప్పుడైనప్పుడల్లా చెయ్యెత్తు. చిన్నదైనా సరే ఎత్తు. అయిందో లేదో అని ఆలోచన చేస్తా కూచోవద్దు.

చిన్నమ్మ